బహిరంగ సంగీతోత్సవంలో వేదిక వెనుక పనికి వెళ్లేముందు జాగ్రత్తలు

భారీ సంగీతోత్సవాల కాలం దగ్గరపడుతోంది కనుక, వేదిక వెనుక పనికి కుదిరినవారు మొదటి రోజుకు ముందే ఇవి సరిచూసుకోవాలి.

గాలి ఏ వేగానికి చేరితే పని ఆపాలో, ఆ నిర్ణయం ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోండి. వేదిక పైకప్పు, ఎల్‌ఈడీ తెరలు గాలిని తెరచాపలా పట్టుకుంటాయి. 2011లో అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో వేదిక కూలి ఏడుగురు మరణించినప్పుడు, కట్టడం బలహీనతతోపాటు, ప్రదర్శనను ఆపే అధికారం ఎవరిదన్న అస్పష్టత కూడా విచారణలో బయటపడింది.

ఉరుము వినిపిస్తే వెంటనే ట్రస్ (దీపాలు, స్పీకర్లు వేలాడదీసే లోహపు చట్రం) దిగి, పక్కా భవనంలోకో మూసిన వాహనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడవనిదే తిరిగి రావద్దు. గుడారం పిడుగు నుంచి కాపాడదు.

జనరేటర్ ఎర్తింగ్‌ను, కరెంటు లీకైతే సరఫరాను ఆపే లీకేజీ బ్రేకర్‌ను ఎలక్ట్రీషియన్ పరీక్షించాకే కేబుళ్లను ముట్టుకోండి, ఎందుకంటే తడి నేలపై చిన్న లీకేజీ కూడా ప్రాణాంతకం కావచ్చు.

చెవి రక్షణ సాధనాలు మీరే తెచ్చుకోండి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర ఆ గడువు 15 నిమిషాలే. పోయిన వినికిడి తిరిగి రాదు.

ప్రదర్శన ముగిశాక సామగ్రి దించే పనికి విశ్రాంతి తీసుకున్న వేరే బృందం ఉందా అని అడగండి. అర్ధరాత్రి, అలసట, వెనక్కి వచ్చే ట్రక్కులు, ఫోర్క్‌లిఫ్టులు ఒకేచోట కలిసేది అప్పుడే. మెరిసే జాకెట్, గట్టి బూట్లు ఆ వేళకూ విప్పవద్దు.