విండోస్‌లో తేదీ, సమయం మనకు కావలసిన తీరులో పెట్టుకోవడం

కొత్త కంప్యూటర్లు చాలావాటిలో ప్రాంతం అమెరికాగానే ఉండిపోతుంది. అక్కడి పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత. 04-07-2025 అని చూసి మనం జులై 4 అనుకుంటే కంప్యూటర్ లెక్కలో అది ఏప్రిల్ 7. ఇది కంటికి కనబడే తీరుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మీరు టైప్ చేసిన తేదీని ఎక్సెల్ ఏ వరుసలో చదవాలన్నది కూడా ఇక్కడి అమరికే నిర్ణయిస్తుంది. అందుకే కొత్త కంప్యూటర్‌లో పని మొదలుపెట్టకముందే దీన్ని సరిచేసుకోవాలి.

విండోస్ 10లోనైనా 11లోనైనా దారి ఒకటే. స్టార్ట్ మెనూలో కంట్రోల్ ప్యానెల్ అని వెతికి తెరవండి. క్లాక్ అండ్ రీజియన్‌లో రీజియన్ నొక్కితే చిన్న కిటికీ ఒకటి వస్తుంది. పైన ఉన్న ఫార్మాట్ జాబితాలో ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోండి. చాలామందికి ఇంతటితోనే పని అయిపోతుంది. ఇంకా మార్చాలంటే కింద ఉన్న అడిషనల్ సెట్టింగ్స్ నొక్కి డేట్, టైమ్ ట్యాబ్‌లలోకి వెళ్లండి. సెట్టింగ్స్ యాప్‌లోనూ ఫార్మాట్ మార్చే చోటు ఉంది కానీ అక్కడ ముందే తయారుచేసిన కొన్ని నమూనాలే దొరుకుతాయి. సొంతంగా రాసుకోవాలంటే కంట్రోల్ ప్యానెలే మేలు.

డేట్ ట్యాబ్‌లో షార్ట్ డేట్ అన్న గడి ముఖ్యం. టాస్క్‌బార్ మూలన కనబడేది అదే. అందులోని అక్షరాల అర్థం ఇదీ: చిన్న డి రెండుసార్లు రాస్తే తేదీ 07 అని, ఒక్కసారే రాస్తే 7 అని వస్తుంది. మూడుసార్లు రాస్తే వారం పేరు పొట్టిగా, నాలుగుసార్లయితే పూర్తిగా. పెద్ద ఎమ్ రెండైతే నెల అంకెల్లో, మూడైతే పేరు పొట్టిగా, నాలుగైతే పూర్తిగా. చిన్న వై నాలుగు రాస్తే సంవత్సరం నాలుగంకెల్లో. నెలకు పెద్ద ఎమ్, నిమిషాలకు చిన్న ఎమ్ అన్నది మరిచిపోవద్దు.

వారం పేరును షార్ట్ డేట్‌లో పెట్టకండి, కొన్ని పాత ప్రోగ్రాములు దాన్ని తేదీగా ఒప్పుకోవు. వారం పేరుకు లాంగ్ డేట్ ఉంది. గడియారం మీద మౌస్ ఉంచితే అది కనబడుతుంది.

టైమ్ ట్యాబ్‌లో పెద్ద హెచ్ పెడితే 24 గంటల పద్ధతి, చిన్న హెచ్ పెడితే 12 గంటల పద్ధతి. చిన్న హెచ్ పెట్టినప్పుడు చివర చిన్న టి రెండుసార్లు (ఏఎమ్, పీఎమ్ గుర్తు) ఉండాలి, లేకపోతే ఉదయం 9, రాత్రి 9 ఒకేలా కనబడతాయి. విండోస్ 11 గడియారంలో సెకన్లు కావాలంటే ఇక్కడ దొరకవు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి సెకన్లు చూపించే టిక్కు పెట్టాలి.

ఫార్మాట్ జాబితాలో తెలుగు (ఇండియా) ఎంచుకుంటే నెలలు, వారాల పేర్లు చక్కగా తెలుగులో వస్తాయి. అయితే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడిగా ఉన్న కోడ్) తెలియని పాత ప్రోగ్రాముల్లో ఆ పేర్ల చోట ప్రశ్నార్థకాలు పడతాయి. అలాంటివి వాడేవారు ఇంగ్లిష్ (ఇండియా) దగ్గరే ఉండండి.

అప్లై నొక్కాక, తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసి మళ్లీ తెరవండి. ఈ మార్పు మీ ఖాతాకే వర్తిస్తుంది. కొత్తగా చేరే ఖాతాలకూ కావాలంటే రీజియన్‌లోని అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ వాడండి.

ఇక ముందే పాడైన ఎక్సెల్ షీట్లు. అమెరికా అమరికలో 04-07-2025 టైప్ చేస్తే ఏప్రిల్ 7గా నిల్వ అవుతుంది. 25-07-2025 కొడితే 25వ నెల లేదు కాబట్టి అది వట్టి అక్షరాలుగా మిగిలి, గడిలో ఎడమవైపుకు అంటుకుంటుంది. ఇప్పుడు ఫార్మాట్ మార్చినా ఈ రెండూ వాటంతట అవి బాగుపడవు. ఎడమకు అంటుకున్న గడులను మాత్రమే ఎంచుకుని డేటా మెనూలోని టెక్స్ట్ టు కాలమ్స్ తెరవండి. మూడో మెట్టులో డేట్ ఎంచుకుని, రోజు, నెల, సంవత్సరం వరుస చెప్పండి. మొదటినుంచీ కుడివైపున్నవి తారుమారైన తేదీలు. వాటికి పక్క కాలమ్‌లో డేట్ ఫార్ములా రాసి సంవత్సరం తర్వాత డే, ఆపైన మంత్ ఇస్తే తిరిగి సరవుతాయి. అమెరికాలో ఉన్నవారు పంపిన షీట్‌లో మాత్రం తేదీలు మొదటినుంచీ సరైనవే కావచ్చు. కాబట్టి తిప్పేముందు తెలిసిన బిల్లు తేదీ ఒకటి సరిపోల్చి చూడండి.