వరద రాకముందే సాక్ష్యం కూడగట్టండి

మీ ఇంటి ఎగువన నది ఒడ్డునో, వాగు పక్కనో మట్టి పోసి కొత్త కట్టడాలు లేపుతుంటే వానలకు ముందే కళ్లు తెరవండి. రేపు నీళ్లు మీ ఇంట్లోకి వస్తే కట్టినవాళ్లు ముందుగా అనే మాట, "వాన అంత పడితే మేమేం చేస్తాం?"

ఆ వాదన అన్నిసార్లూ నిలవదు. స్కాట్లండ్‌లోని గ్రీనాక్‌లో పిల్లలు ఆడుకునే నీటి మడుగు కోసం పురపాలక సంస్థ ఒక వాగు దారి మార్చింది. కనీవినీ ఎరుగని వానకు అది పొంగి రైల్వే ఆస్తిని ముంచింది. అది దైవఘటన, మా చేతిలో లేదని ఆ సంస్థ అంటే 1917లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. వాగు సహజమైన దారిని మార్చినవాళ్లదే బాధ్యత అని తేల్చింది. మన దగ్గర హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ప్రవాహాన్ని మళ్లించిన ఒక మోటెల్ భూమి లీజును 1996లో సుప్రీంకోర్టు రద్దు చేసి, పరిహారం కట్టమంది.

అయితే ఇల్లు మునిగిందని చూపితే చాలదు. ఆ కట్టడం వల్లే మునిగిందని చూపాలి, కేసులు బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి కల్వర్టు ఖానాలు (కింద నీళ్లు పోయే దారులు), గట్టు ఎత్తు, పోసిన మట్టి కనబడేలా వారం వారం ఒకే చోట నిలబడి ఫొటోలు తీయండి. కరెంటు స్తంభం లాంటి కదలని గుర్తు ప్రతి ఫొటోలోనూ పడాలి. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి, అసలు ఫైలు ఫోన్‌లోంచి చెరపకండి. పాత వరద ఎంతవరకు వచ్చిందో గోడ మీద గీత గీసి తేదీ రాయండి.

అనుమతి పత్రాలు, ప్లాను కాపీల కోసం సమాచార హక్కు చట్టం కింద ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, జవాబుకు 30 రోజులు పట్టొచ్చు. బిల్డరుకు, మున్సిపాలిటీకి, నీటిపారుదల శాఖకు ప్రమాదాన్ని వివరిస్తూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. ముందే చెప్పినా పట్టించుకోలేదని చూపడానికి అదే ఆధారం.

భయంతో మీరే అడ్డుకట్ట వేసి నీటిని పక్కింటి మీదకు తోయకండి, అప్పుడు బాధ్యత మీ మెడకూ చుట్టుకుంటుంది.

నీళ్లు దిగాక కడగబోయే ముందు బురద గీతల్ని, పాడైన సామాన్లను ఫొటో తీయండి. పర్యావరణ చట్టాల ఉల్లంఘన వల్ల జరిగిన నష్టానికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి గడువు ఐదేళ్లు. సివిల్ దావాకు అంతకన్నా తక్కువే, కాబట్టి ఆ సీజన్‌లోనే వకీలును కలవండి.