స్కానర్ ‘లీన్’ అంటుంటే ప్లగ్ మీద మసి ఎందుకు? ఆక్సిజన్ సెన్సర్ సమస్య - పరిష్కారం

లక్షణం: మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన, స్పార్క్ ప్లగ్ విప్పితే నల్లటి పొడి మసి. స్కానర్ మాత్రం పీ0171 చూపిస్తోంది, అంటే పెట్రోలు తక్కువైందట. ప్లగ్ అబద్ధం చెప్పదు: మసి అంటే పెట్రోలు ఎక్కువైందనే. తప్పు పొగలో ఆక్సిజన్ చూసి చెప్పే సెన్సర్ మాటలోనే ఉంది.

సెన్సర్ కొనేముందు, దయచేసి, హీటర్ ఫ్యూజ్ చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త సెన్సర్ బిగించాక కూడా అదే లైటు వెలుగుతోందంటే, చాలాసార్లు ఈ చిన్న పని ఎవరూ చేయకపోవడమే కారణం. సెన్సర్ కొనలో ఉన్నది యిట్రియా కలిపిన జిర్కోనియా పింగాణీ. యిట్రియా వల్ల స్ఫటికంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా మిగులుతాయి. ఆక్సైడ్ అయాన్లు ఒక ఖాళీలోంచి మరో ఖాళీలోకి గెంతుతూ కదులుతాయి. ఆ గెంతుకి వేడి కావాలి, అందుకే సెన్సర్‌లో హీటర్ ఉంటుంది. సుమారు 300 డిగ్రీలు దాటితేగానీ నమ్మదగిన వోల్టేజీ రాదు. కప్లర్ (వైర్ల కనెక్టర్) ఊడదీసి, సెన్సర్ వైపున్న రెండు హీటర్ వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. ఎక్కువ సెన్సర్లలో అవి రెండూ తెల్లవి. చల్లగా ఉన్నప్పుడు సుమారు 3 నుంచి 15 ఓమ్‌లు ఉంటే హీటర్ బాగుంది. మీటరు అసలు కదలకపోతే హీటర్ తెగింది.

తర్వాత సెన్సర్‌కి ముందున్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ చప్పుడు, జాయింటు చుట్టూ మసి చార ఉంటే అక్కణ్నుంచి బయటిగాలి లోపలికి లాగుతోంది, సెన్సర్ దాన్ని చూసి లీన్ అంటుంది. ప్యాకింగ్ మార్చండి.

ఈ రెండూ బాగుండి కూడా లీన్ అంటుంటే, అసలు దొంగ వేరే ఉంది: సెన్సర్‌కి గాలి ఆడటం లేదు.

ఈ పింగాణీ ఆక్సిజన్ ఎంతుందో నేరుగా కొలవదు. ఒక పక్క పొగ, ఇంకో పక్క మామూలు గాలి. రెండింటి ఆక్సిజన్ తేడాయే వోల్టేజీ అవుతుంది. బయటిగాలిలో 21 శాతం ఉంటుందన్న లెక్క మీదే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నడుస్తుంది. చాలా సెన్సర్లలో ఆ గాలి వచ్చేది కప్లర్ నుంచి, వైరు తొడుగు లోపల రాగి పోగుల మధ్య సందుల్లోంచి. అది మూసుకుపోతే లోపలి ఆక్సిజన్ తగ్గుతుంది, వోల్టేజీ మొత్తం కిందికి జారుతుంది, ఈసీయూ దాన్ని లీన్ అనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

మూసేవి మూడు. యూనివర్సల్ సెన్సర్ వైర్లకి సోల్డరింగ్ చేయడం: కరిగిన సోల్డర్ పోగుల మధ్యకి పాకుతుంది. కప్లర్‌లో గ్రీజు గానీ తుప్పు స్ప్రే గానీ కొట్టడం. మూడోది వరద నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మునిగిన బండి సెకండ్‌హ్యాండులో కొన్నారా? కప్లర్ విప్పి పిన్నుల మొదట్లో చూడండి. సన్నటి ఎండు బురద గీత, ఆకుపచ్చ చిలుము కనిపిస్తాయి.

పరీక్ష: ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం మీద రెండు నిమిషాలు ఉంచి, కప్లర్ ఊడదీయకుండా వెనకనుంచి మీటరు పెట్టండి. సాధారణంగా నలుపు సిగ్నల్, బూడిదరంగు గ్రౌండ్. మంచి సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ పోయేలా ఒక వాక్యూమ్ గొట్టం పీకండి. వోల్టేజీ సున్నా దిగి మైనస్‌లోకి పోతే గాలి దారి మూసుకుపోయినట్టే. ప్యాకింగ్ లీకు వోల్టేజీని తగ్గిస్తుందిగానీ మైనస్‌కి దించదు. రెండింటికీ తేడా పట్టించేది ఇదే.

తడి మాత్రమే అయితే కప్లర్ విప్పి బాగా ఆరనిచ్చి, ఇంజిన్ అరగంట నడిపి మళ్లీ కొలవండి. గ్రీజు, సోల్డర్ అయితే సెన్సర్ మార్చడమే. కొత్తదానికి వైర్లు క్రింప్ చేయండి (నొక్కి బిగించండి), సోల్డరింగ్ వద్దు. 22 నంబరు సాకెట్‌తో 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు చాలు. మర పట్టేయకుండా రాసే పూత కొన మీదికి రానివ్వకండి.

కొన మీద తెల్లటి పొర ఉంటే చాలావరకు ఇంజిన్‌కి సిలికాన్ పేస్టు వాడి ఉంటారు, సెన్సర్ పోయినట్టే. కూలెంట్ లీకైనా, ఆయిల్ మండినా సెన్సర్ పాడవ్వచ్చు. వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం సెన్సర్లకి ఈ వోల్టేజీ లెక్కలు వర్తించవు.