నెల్లూరు ఎండలకీ వానలకీ పరుగు ఆగకుండా ఉండాలంటే

జనవరి మొదటి వారంలో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంకి పొద్దున్నే పోతే కొత్త మొహాలు చానా కనపడతాయి, మార్చి వచ్చేసరికి రోజూ చూసేవాళ్లమే మిగుల్తాం. ఆపేసినవాళ్లు ఎక్కడన్నా కనపడితే అడుగుతా, ఏంది అబయా రావట్లేదు అని, "మనసు రావట్లేదన్నా" అంటారు. ఏడేళ్ల నుంచి పరిగెత్తతా ఉన్నా, పొద్దున నాలుగున్నరకి నాకూ మనసు రాదు. ఆ టైంలో మనసుని అడగనే కూడదు, పోవాలా వద్దా అనేది ముందురోజు రాత్రే తేల్చేసుకోవాలి.

నేను చేసేది చెప్తా. పడుకునే ముందు షూ, సాక్సులు, టీషర్టు, తాళంచెవి, చిన్న కవర్లో ఒక యాభై నోటు, అన్నీ తలుపు పక్కన కుర్చీ మీద పెట్టేస్తా, ఫోన్ మంచానికి దూరంగా పెడతా. ఇంకా ముఖ్యం, మన కోసం ఒకరు ఎదురుచూడాలి. మాగుంట లేఅవుట్ మలుపులో ఐదింటికి ఒక పెద్దాయన వచ్చి నిలబడతాడు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నేను రాకపోతే ఫోన్ చెయ్యడు, ఒక మాట అనడు, పది నిమిషాలు చూసి ఒక్కడే పోతాడు. ఆయన అక్కడ చీకట్లో నిలబడి ఉంటాడనేది గుర్తొస్తే దుప్పట్లో ఉండలేం. అట్టాంటి మనిషిని ఒకర్ని వెతుక్కోండి, ఏ యాప్ కూడా ఆ పని చెయ్యలేదు.

వంటింట్లో క్యాలెండర్ ఉంటది గదా, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునేది, దాంట్లోనే నేను కిలోమీటర్లు రాస్తా. వారం ఖాళీగా ఉంటే ఇంట్లో అందరికీ కనపడతది, మా అమ్మే అడుగుద్ది ఏరా ఈ వారం గళ్లన్నీ తెల్లగా ఉన్నాయే అని.

కొత్తవాళ్లు మానేయడానికి రెండో కారణం స్పీడు. మొదటి రోజే దౌడు తీస్తారు, మూడో రోజు పిక్కలు పట్టేస్తాయి, ఇక అంతే. పక్కనోళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నిదానంగా పోవాలి, అవసరమైతే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. వారంలో చానా వరకు ఇట్టా నిదానంగానే ఉండాలి, ఒక్క రోజు మాత్రం గట్టిగా. 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు వేస్తే 5 కిలోమీటర్లు, ఆపకుండా అది వచ్చినాక దూరం కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.

ఇక షూ. డబ్బులు పెట్టాల్సింది దీని మీదే, వాచీ మీద కాదు. నా మొదటి హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్లు, దానికి ముందు షాపులో మధ్యాహ్నం పూట హడావిడిగా తీసుకున్నా, నడిచి చూస్తే బిగువుగా బాగానే అనిపించింది, పదిహేను కిలోమీటర్లు దాటాక బొటనవేలు ముందుకి గుద్దుకుంటా ఉంది, ఇంటికొచ్చి సాక్సు తీస్తే గోరు నల్లగా కమిలిపోయి ఉంది, అది ఊడి కొత్తది రావడానికి నెలలు పట్టింది. పరిగెత్తేకొద్దీ పాదం ఉబ్బుద్ది, అందుకే షూ సాయంత్రం పూట కొనాలి, పరుగుకి వాడే సాక్సులే వేసుకుని చూడాలి, నిలబడితే వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసు కట్టినాక మడమ జారకూడదు. షాపులో రెండు అడుగులు వేసి సరే అనొద్దు, అటూ ఇటూ పరిగెత్తి చూడండి, సిగ్గుపడే పనేం లేదు. అదే షూతో మార్కెట్టుకి, పెళ్లిళ్లకి పోవద్దు. మొదటిసారి వేసుకున్న తేదీ షూ నాలిక, అంటే లేసుల కింద ఉండే పట్టీ లోపల మార్కర్‌తో రాసి పెట్టుకోండి. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్యలో చానా షూల అడుగు చచ్చిపోద్ది, పైకి కొత్తదాని మాదిరే ఉంటది గానీ పక్కన అడుగు ఫోమ్ మీద ముడతలు పడతాయి, వేలితో నొక్కితే గట్టిగా తగులుద్ది, మోకాలు ఊరికే నొప్పి పుట్టిందంటే ముందు షూ చూడండి.

సాక్సులు కాటన్‌వి వద్దు, చెమట పట్టుకుని బొబ్బలు వస్తాయి. తొడలు ఒరుసుకునే చోట, చంకల్లో వాజెలిన్ రాసుకోండి.

మనకి ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధ. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే మే నెలలో అదే స్పీడుకి గుండె ఎక్కువ కొట్టుకుంటది, అప్పుడు నిదానించడం తప్పు కాదు. రోహిణి కార్తెలో సూర్యుడు రాకముందే ముగించేయండి. గంట దాటే పరుగుకి ఓఆర్‌ఎస్ పట్టుకోండి, ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, కావాలంటే నిమ్మకాయ పిండుకోండి. ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, దాహానికి తగ్గట్టు తాగాలి. కళ్లు తిరిగినా, ఎండలో రోమాలు నిక్కబొడుచుకుని చలి అనిపించినా ఆగిపోండి, నీడకి పొండి, తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోండి, మాట తడబడితే పక్కనోళ్లు వెంటనే ఆస్పత్రికి తీసుకపోవాలి.

ఆదివారం లాంగ్ రన్‌కి నాకు ఇష్టమైంది ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే రోడ్డు, రెండు పక్కలా వరి మళ్లు, తెల్లారే టైంకి గాలి తగుల్తా ఉంటే కాళ్ల బరువు తెలీదు. పూర్తిగా పోనవసరం లేదు, సగం దూరం పోయి తిరిగి రండి. ఎదురొచ్చే బండ్లు కనపడేటట్టు కుడిపక్కన పరిగెత్తండి, వెనక మెరిసే పట్టీ, తలకి లైటు ఉండాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, మొహం వాటివైపే ఉంచి మెల్లగా వెనక్కి నడవండి. బీచ్‌లో అయితే తడి ఇసుక మీదే పోవాలి, అది వాలుగా ఉంటది గాబట్టి ఎంత దూరం పోతే అంతే దూరం వెనక్కి రండి, లేకపోతే ఒక కాలి మీదే భారం పడుద్ది.

తిండికి పెద్ద లెక్కలేం లేవు, పోయే ముందు ఒక అరటిపండు, వచ్చాక ఇడ్లీనో రాగి జావో, మజ్జిగ.

రేసు ఒకటి ముందు పెట్టుకుంటే క్యాలెండర్ గళ్లు నిండుతాయి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో వస్తది, దానికి మన ఎండల్లో తయారవ్వాల, అందుకని మొదటిసారి పోయేవాళ్లకి జనవరిలో జరిగే చెన్నై మారథాన్ మేలు, రైలెక్కితే దగ్గర. కాకపోతే దాని ప్రాక్టీస్ అంతా మన వాయుగుండాల నెలల్లో పడుద్ది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఉరుములు లేని వానలో పరిగెత్తొచ్చు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం వద్దు, కింద గుంత ఉందో మ్యాన్‌హోల్ ఉందో కనపడదు. ఇంటికి రాగానే షూ లోపల పాదం కింద ఉండే అట్ట తీసేసి, పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కండి, గంటకోసారి మార్చి ఫ్యాన్ కింద పెట్టండి, ఎండలోనో పొయ్యి దగ్గరో పెడితే జిగురు ఊడొస్తది. వీలైతే రెండో జత ఉంచుకోండి, ముసురు మూడు రోజులు పట్టినా తెల్లారేసరికి కుర్చీ దగ్గర పొడి షూ ఉంటది.