టీవీని మానిటర్‌గా వాడేవాళ్ళకి ఒక చిట్కా

ల్యాప్‌టాప్‌ని టీవీకి పెట్టి పని చేసుకునేవాళ్ళు చాలామంది అక్షరాలు మసకగా ఉన్నాయని, అంచుల చుట్టూ రంగు పాకినట్టుందని వదిలేస్తారు, కానీ చాలాసార్లు అది టీవీ తప్పు కాదండీ, సెట్టింగే. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో చాలావాటికి ఇన్‌పుట్ పేరు మార్చే ఆప్షన్ ఉంటుంది, మీరు పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి పీసీ అని పెట్టండి, అప్పుడు టీవీ రంగుల సమాచారం కుదించకుండా (దీన్నే 4:4:4 అంటారు) చూపిస్తుంది, ఎర్ర అక్షరాలు కూడా నీట్‌గా కనిపిస్తాయి. ఈ ఒక్కటి చేస్తే సగం బాధ పోతుంది నిజంగా.

తర్వాత షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అది అక్షరాల చుట్టూ తెల్లగీత తెస్తుంది. టాస్క్‌బార్ అంచుల్లో తెగిపోతుంటే అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేయడం, పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ పెడితే సరి.

మౌస్ బరువుగా కదులుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేసి చూడండి, 4కే టీవీ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) కూడా చూసుకోండి, 30 హెర్ట్జ్ ఉంటే పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టో కేబులో అడ్డం పడుతున్నట్టే, 60 రావాలంటే 2.0 కావాలి. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ ఒకేలా ఉండవు, పక్కదాంట్లో పెట్టి చూశాకే కొత్త కేబుల్ కొనండి.