టైప్ 1 పిల్లలకు ఫ్లూ వస్తే: లంఖణం వద్దు, ఇన్సులిన్ మానొద్దు

మా వాడికి టైప్ 1 డయాబెటిస్ అని తెలిసిన ఏడాదే వానాకాలంలో గట్టి జ్వరం వచ్చింది. పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు. "తిననే లేదు కదమ్మా, ఇంక సూదెందుకు, లంఖణం పరమౌషధం అన్నారు" అంది మా అత్తయ్య. ఆవిణ్ణి అనడానికేం లేదు, మా గుంటూరులో జ్వరమొస్తే ఏ ఇంట్లోనైనా ముందు వినపడే మాట అదే. నాకూ షుగర్ పడిపోతుందేమోనని భయమేసి రాత్రి లాంటస్ (రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్) వెయ్యలేదు. తెల్లారేసరికి షుగర్ 380, ఒకటే వాంతులు.

జ్వరంలో ఒళ్లు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎక్కువ వదులుతుంది, వాటి దెబ్బకి లివర్ దాచుకున్న చక్కెరంతా రక్తంలోకి పంపేస్తుంది, అందుకే ఏమీ తినకపోయినా షుగర్ ఎక్కుతుంది. దానికి తోడు ఇన్సులిన్ కూడా లేకపోతే ఒళ్లు కొవ్వు కరిగించుకోవడం మొదలుపెడుతుంది, అలా కరిగినప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి, ఇక ఐసీయూనే. కాబట్టి లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ మానడం అనే మాటే లేదు. షుగర్ పడిపోతూ ఉంటే డాక్టర్ని అడిగి తగ్గించొచ్చు, సున్నా చెయ్యకూడదు. భోజనం డోసు మాత్రం ఎంత తింటాడో తెలియని రోజున తిన్నాక వెయ్యడం నయం.

షుగర్ రెండు మూడు గంటలకోసారి చూడాలి, రాత్రి కూడా. నేనూ మా ఆయనా వంతులేసుకుని అలారం పెట్టుకుంటాం.

షుగర్‌తో పాటు కీటోన్లు కూడా చూడాలి, చాలామంది వదిలేసేది ఇదే. మూత్రం స్ట్రిప్స్ చవక, కానీ అవి కొన్ని గంటల కిందటి సంగతి చెబుతాయి. రక్తంలో చూసే మీటరు ఖరీదైనా ఇప్పటి సంగతి చెబుతుంది. అందులో 0.6 లోపు మామూలు. 1.5 దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. 3 దాటితే ఫోన్‌తో కాలయాపన చెయ్యకుండా బయల్దేరాలి. కీటోన్లు ఉన్నప్పుడు మామూలు డోసు మీద అదనంగా రాపిడ్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది) వేయిస్తారు, రోజు మొత్తం వేసే యూనిట్లలో 5 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, ఎప్పుడు ఎంత అనేది పిల్లాణ్ణి బట్టి, కీటోన్లను బట్టి. ఆ లెక్క సొంతంగా వేసుకోవద్దు. ఒంట్లో బాగున్నప్పుడు చెకప్‌కి వెళ్తారు కదా, అప్పుడే కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

ఒక్కోసారి షుగర్ 100 ఉంటుంది, కీటోన్లు మాత్రం ఎక్కువుంటాయి. తిండి లేక పుట్టిన కీటోన్లవి, అంటే మన లంఖణం ఫలితం. షుగర్ బాగానే ఉందిగా అని ఊరుకోవద్దు. తియ్యటి నీళ్లు తాగిస్తూనే ఇన్సులిన్ కూడా వెయ్యాలి, డాక్టర్ చెప్పిన డోసు ప్రకారం.

తాగించడం గురించి. షుగర్ ఎక్కువుంటే మంచినీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చారు నీళ్లు. తక్కువుంటే కొబ్బరినీళ్లు, గ్లూకోజ్ నీళ్లు, జావ. వాంతి అయ్యాక గ్లాసు గ్లాసు పట్టొద్దు, ఐదు నిమిషాలకో చెంచా. ఓఆర్‌ఎస్ పొడి లీటరు నీళ్లలో కలిపేదే కొనండి, లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. టెట్రా ప్యాకెట్లలో అదే పేరుతో తియ్యటి డ్రింకులు అమ్మేవారు, ఆ ఫార్ములా లేనివాటికి ఆ పేరు పెట్టకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో చెప్పింది, అయినా లేబుల్ చదివే కొనండి.

జ్వరానికి పారాసిటమాల్, బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో. సిరప్‌లో చక్కెర ఉంటుందని టెన్షన్ పడకండి, అది లెక్కలోకి రాదు. ఆస్పిరిన్ అసలు వద్దు. ఫ్లూ అని అనుమానముంటే మొదటి 48 గంటల్లోనే డాక్టర్‌కి చూపించండి, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ అప్పుడు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఒకసారి మా సందు చివరి క్లినిక్‌లో, నీరసంగా ఉన్నాడని, అడక్కుండానే సెలైన్ ఎక్కించబోయారు. సీసా మీద డెక్స్‌ట్రోస్ అని ఉంది, అంటే చక్కెరే, అప్పటికి వాడి షుగర్ 310! అందుకే ఎక్కడికెళ్లినా లోపలికి అడుగుపెట్టగానే "టైప్ 1 పిల్లాడు, ఇన్సులిన్ మీద ఉన్నాడు" అని చెప్పండి. దగ్గుకి, ఆయాసానికి స్టెరాయిడ్ ఇస్తున్నారేమో కూడా అడగండి, షుగర్ బాగా పెంచుతుంది.

వాంతులు రెండు గంటలైనా ఆగకపోయినా, అదనపు డోసు వేశాక రెండు గంటలకీ కీటోన్లు తగ్గకపోయినా, షుగర్ 70 దాటి నిలబడకపోయినా, కడుపునొప్పి అన్నా, ఊపిరి వేగంగా లోతుగా తీస్తున్నా, నోట్లోంచి పండు వాసన వస్తున్నా, మత్తుగా పడుకుంటున్నా ఇంట్లో ఉండొద్దు. ఐదేళ్లలోపు పిల్లలైతే ఇంకా ముందే బయల్దేరాలి. గుంటూరులో కొత్తపేటకో జీజీహెచ్‌కో (ప్రభుత్వ పెద్దాసుపత్రి), బెజవాడలో అయితే సూర్యారావుపేటకో, ఎక్కడ పిల్లల ఐసీయూ ఉందో ముందే కనుక్కుని పెట్టుకోండి. బండి లేకపోతే 108.

ఇన్సులిన్, స్ట్రిప్స్ కనీసం రెండు వారాలకి సరిపడా ఇంట్లో ఉంచుకోండి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వాళ్లు ఎలా చిక్కుకుపోయారో చూశాం కదా. ఫ్లూ టీకా ఏటా వానలకి ముందే వేయించండి, తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు.