అమెరికాలో ప్రైవేటుగా గన్ కొనేముందు, అమ్మేముందు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ఒక మాట విని నమ్మలేకపోతారు. ఇద్దరు మామూలు మనుషులు ఎక్కడో కలుసుకుని, డబ్బు చేతికిచ్చి, గన్ తీసుకుని ఎవరిదారిన వాళ్లు పోవచ్చు. ఆ మాట నిజమే. ఫెడరల్ చట్టం ప్రకారం బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాళ్లకు అర్హత ఉందో లేదో రికార్డుల్లో చూడటం, చేయాల్సిన బాధ్యత లైసెన్సున్న డీలరుదే. ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య అమ్మకానికి టెక్సస్, జార్జియా లాంటి రాష్ట్రాలు ఆ చెక్ అడగవు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ దగ్గర పెట్టుకోలేం. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ అసలు చట్టమే లేదేమో అనిపిస్తుంది. కానీ చట్టం ఉంది. అది మొదట చూసేది మీ వీసానే.

హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, విజిటర్ వీసా, ఏదైనా సరే, నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం సంగతి తర్వాత, ఉంచుకోవడమే నేరం. 2022లో చేసిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్లకు పెరిగింది. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది హంటింగ్ లైసెన్సు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. అయితే మీ రాష్ట్రం నిబంధన వేరుగా ఉండొచ్చు, లైసెన్సు గడువు మీకు తెలియకుండానే దాటిపోవచ్చు. ఫ్రెండ్ మాట మీద ఈ దారి పట్టకండి. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోయినవాళ్లకైతే ఈ మినహాయింపు కూడా లేదు. గ్రీన్ కార్డు కోసం పెట్టిన ఐ-485 దరఖాస్తు పెండింగ్‌లో ఉండి, పనిచేసుకోవడానికి ఈఏడీ కార్డు వచ్చినవాళ్లు కూడా గ్రీన్ కార్డు చేతికొచ్చినట్టు అనుకోకూడదు.

వీకెండ్‌లో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, అద్దె గన్‌తో కాల్చి, ఫొటో దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే స్టూడెంట్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఫ్లోరిడాలో చదువుకోవడానికి యూఏఈ నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ని మార్కులు సరిగా రాక యూనివర్సిటీ తీసేసింది. స్టేటస్ పోయింది. తర్వాత అతను రేంజ్‌కి వెళ్లి గన్ కాల్చాడు. అందుకే అతని మీద ఫెడరల్ కేసు పడింది, శిక్ష కూడా పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తనకు స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు 2019లో చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి అతని జీవితంలో ఎన్నేళ్లు పోయాయో ఆలోచించండి.

గ్యాస్ స్టేషన్లలో, లిక్కర్ స్టోర్లలో పనిచేసే తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కౌంటర్ కింద ఓనర్ గన్ ఉంటుంది. "రాత్రి షిఫ్టు కదా, అవసరమైతే తీసుకో" అంటాడు. దాన్ని మీకు అందుబాటులో పెట్టి అప్పగిస్తే, అది మీ పేరు మీద లేకపోయినా మీ దగ్గరున్నట్టే చట్టం చూడొచ్చు. "అన్నా, నా వీసాకి అది కుదరదు, లాకర్‌లో పెట్టి తాళం మీరే ఉంచుకోండి" అని మొదటిరోజే చెప్పేయండి. దోపిడీకి వచ్చినవాడికి గల్లాపెట్టెలో డబ్బు ఇచ్చేయండి. డబ్బు ఓనర్‌ది, ప్రాణం మీది.

ఇక గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు, సిటిజన్లు. మీరు కొనొచ్చు, అమ్మొచ్చు. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఆయుధాల నేరాలకు విడిగా ఒక సెక్షన్ ఉంది. చట్టవిరుద్ధంగా గన్ కొన్నా, అమ్మినా, అమ్ముతానని చెప్పినా, శిక్ష పడితే గ్రీన్ కార్డున్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. అందుకే మీ రాష్ట్రం అడిగినా అడగకపోయినా, ప్రైవేటు అమ్మకమైనా సరే లైసెన్సున్న డీలర్ షాపులోనే కలవండి అని నేను అందరికీ చెప్తాను. కాలిఫోర్నియాలో ఎలాగూ డీలర్ ద్వారానే జరగాలి, పది రోజులు ఆగాలి. వాషింగ్టన్, కొలరాడో రాష్ట్రాల్లో కూడా ప్రైవేటు అమ్మకానికి చెక్ కావాలి. ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డు, అంటే గన్ ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు, ఉండాలి. రాష్ట్రం మారితే రూలు మారుతుంది.

ముందుగా షాపుకు ఫోన్ చేసి "ప్రైవేట్ ట్రాన్స్‌ఫర్ చేస్తారా, ఫీజెంత" అని అడగండి. గన్‌లో తూటాలు లేకుండా చూసి, తాళం వేసిన కేసులో పెట్టి, తూటాలు విడిగా తీసుకెళ్లండి. కేసుతో లోపలికి వెళ్లగానే ట్రాన్స్‌ఫర్ కోసం వచ్చామని చెప్పండి. కేసు వాళ్లే తెరుస్తారు, మీరు తీసి చూపించకండి. కొనేవాళ్లు ఫారం 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. పేరు ఐడీ మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అయ్యే మనలాంటివాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఎక్కువ తీసుకున్నా తప్పులేదు. గంజాయి వాడతారా అని కూడా అందులో అడుగుతారు. మీ రాష్ట్రంలో అది లీగలైనా ఫెడరల్ చట్టం ఒప్పుకోదని ఆ ఫారంలోనే హెచ్చరిక ఉంటుంది. డీలర్ చెక్ చేయిస్తే ప్రొసీడ్ (ఇవ్వొచ్చు), డిలేడ్ (ఇంకా తేలలేదు), డినైడ్ (ఇవ్వకూడదు), ఈ మూడింట్లో ఒకటి వస్తుంది. డిలేడ్ అంటే కంగారు పడక్కర్లేదు, పేరు ఇంకెవరితోనో కలిసినా అలా వస్తుంది. అమ్మేవాళ్లకు ఒక జాగ్రత్త: గన్ షాపులో వదిలి వెళ్లిపోయాక డీల్ చెడితే, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మీరూ అదే ఫారం నింపి, చెక్ చేయించుకోవాలి. అందుకని ఫలితం వచ్చేదాకా అక్కడే ఉండండి.

డీలర్ లేకుండా నేరుగా కలవాలని అవతలివాళ్లు పట్టుబడితే నా సలహా, ఆ డీల్ వదిలేయండి. మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమే, కలిసి తీరాల్సిందే అంటే మాత్రం పగటిపూట, జనం ఉన్నచోట, ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లండి. మీ ఇంటి అడ్రసు ఇవ్వకండి. పోస్టాఫీసు ఆవరణలోకి గన్ తేకూడదని పోస్టల్ నిబంధన, అది పార్కింగ్‌కు కూడా వర్తిస్తుంది. స్కూలుకు వెయ్యి అడుగుల లోపు కూడా ఫెడరల్ ఆంక్షలున్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు ఆన్‌లైన్ వస్తువుల మార్పిడికి కేటాయించిన చోట్లు గన్లకు కూడా పనికొస్తాయని అనుకోకండి, ముందు ఫోన్ చేసి అడగండి. కొనేవాళ్ల డ్రైవింగ్ లైసెన్సు చూడండి. వేరే రాష్ట్రంవాళ్లయితే నేరుగా ఇవ్వకూడదు, లైసెన్సున్న డీలర్ ద్వారానే ఇవ్వాలి; హ్యాండ్‌గన్ అయితే ఆ డీలర్ వాళ్ల రాష్ట్రంలోనే ఉండాలి. సీరియల్ నంబర్ చెరిపేసి ఉంటే ఆ గన్ ముట్టుకోకుండా వచ్చేయండి. అంతా సరిగ్గా ఉంటే రెండు పేర్లు, తేదీ, మోడల్, సీరియల్ నంబర్ రాసి ఇద్దరూ సంతకం పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి.

మొహమాటం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. "నాకు హెచ్1బి కదా, నీ పేరు మీద కొనిపెట్టు బావా, డబ్బు నేనిస్తా" అని అడిగితే, కొనిపెట్టిన బావ కూడా నేరస్థుడే. వర్జీనియాలో ఒక మాజీ పోలీసు తన బాబాయి డబ్బుతో గన్ కొని, అది తన కోసమే కొంటున్నట్టు ఫారంలో రాశాడు. బాబాయికి గన్ ఉంచుకునే అర్హత ఉంది. అయినా సుప్రీంకోర్టు 2014లో అతని శిక్షను సమర్థించింది. వీసా మీద ఉన్నవాళ్లకని తెలిసి అమ్మినా నేరమే, తెలియకపోవడానికి వీల్లేనంత స్పష్టంగా ఉన్నా నేరమే. ఎదుటివాళ్లు పరిచయస్తులే అయినా "ఏమీ అనుకోకు, గ్రీన్ కార్డు ఒకసారి చూపించు" అని అడగండి.

ఇండియాకు శాశ్వతంగా వెళ్లిపోయేవాళ్లకు తేలికైన దారి, గన్‌ను డీలర్‌కే అమ్మేయడం. ఆ తర్వాత రేంజ్‌కి తీసుకెళ్లిన ప్రతి బ్యాగు జేబులూ తిరగేసి దులపండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు దాకా వెళ్లొచ్చు.